తప్పిపోయిన వారసుల్ని వెతికిపెట్టే సంస్థ: ఫీజుకి తగ్గ పనేనా?

ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయను. మెచ్చుకోవాల్సింది ఎంత ఉందో, చీవాట్లు పెట్టాల్సింది కూడా కాస్త ఉంది. పైగా ఈ పని చేసే సంస్థలు చాలానే ఉన్నాయి, ఎవరి దగ్గరికి వెళ్లినా అడగాల్సిన ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ఇంకో మాట: ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ చట్టం కింద నడిచిన వ్యవహారం. స్కాట్లండ్ పద్ధతే వేరు, ఇండియా సంగతి చెప్పక్కర్లేదు.

ముందు నా చేతికి వచ్చిన పని ఏమిటో చెప్తాను. నేను జీతాల లెక్కల విభాగంలో పనిచేస్తాను. నాకు ఆ పని నేర్పిన పెద్దావిడ పెళ్లి చేసుకోలేదు. 1990ల్లో రాయించిన వీలునామాలో ఇద్దర్ని ఎగ్జిక్యూటర్లుగా, అంటే దాన్ని అమలుచేసేవాళ్లుగా, పెట్టింది. అందులో ఒకాయన ఆవిడకంటే ముందే కాలం చేశాడు, మిగిలింది నేను. చిన్నచిన్న కానుకలు పోగా మిగిలినదంతా తన తోబుట్టువుల పిల్లలందరికీ సమానంగా చెందాలని రాసింది. పేర్లు లేవు, ఎంతమందో లేదు. అంకెల్లో పెన్నీ తేడా వస్తే ఊరుకోని మనిషి, వీలునామాలో మాత్రం ఇలా వదిలేసి వెళ్లింది!

ఆవిడకి ఒక అక్క, ఒక అన్న. అక్క కూతుళ్లిద్దరి పాత అడ్రసులు ఆవిడ డైరీలో దొరికాయి. అన్న మాత్రం 1950ల చివర్లో పెళ్లాం బిడ్డతో ఆస్ట్రేలియా ఓడ ఎక్కాడు, కొన్నాళ్లకి ఉత్తరాలు ఆగిపోయాయి. ఆయనకో కొడుకు ఉన్నాడని ఆవిడ నోటే విన్నాను. అంతకుమించి ఏమీ తెలియదు.

తెలిసిన ఇద్దరికీ చెరిసగం పంచేసి చేతులు దులుపుకోవచ్చు కదా అని మా ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారు. అలా పంచాక మేనల్లుడు వచ్చి నా వాటా ఏదని అడిగితే, ఎగ్జిక్యూటర్ సొంత జేబులోంచి కట్టాల్సి రావచ్చు. ట్రస్టీ చట్టం, 1925లో సెక్షన్ 27 అని ఒకటి ఉంది: గెజిట్‌లో ప్రకటన వేసి, కనీసం రెండు నెలలు ఆగి, ఆ తర్వాత పంచితే ఎగ్జిక్యూటర్‌కి రక్షణ ఉంటుంది. కానీ ఆ రక్షణ మనకి తెలియని హక్కుదారుల విషయంలోనే. మేనల్లుడు ఒకడున్నాడని నాకు తెలుసు. తెలిసినవాడిని గెజిట్ చాటున దాచలేం. సొలిసిటర్ ఈ మాట చెప్పాకే నేను వెతికే సంస్థల వైపు చూశాను.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ రంగంలో మంచి బేరానికీ చెడ్డ బేరానికీ తేడా అంతా ఇందులోనే ఉంది. ఫీజు రెండు రకాలు. ఒకటి కమిషన్: సంస్థ సొంత ఖర్చుతో వెతుకుతుంది, దొరికిన వారసుడి దగ్గర వాటాలో ఇంత శాతమని సంతకం పెట్టించుకుంటుంది. వీలునామా లేకుండా, అయినవాళ్లెవరో తెలియకుండా పోయినవాళ్ల విషయంలో ఈ పద్ధతికి అర్థముంది. అలాంటి ఆస్తి చివరికి రాజ్యానికి పోతుంది. కార్న్‌వాల్‌లో, లాంకాస్టర్ పరిధిలో అయితే అక్కడి డచీలకి (రాచకుటుంబపు ఆస్తి సంస్థలకి) పోతుంది. అలా పోయే ఆస్తుల జాబితాను ప్రభుత్వ న్యాయ విభాగం ప్రచురిస్తూ వచ్చింది. దాన్ని చూసి పరుగెత్తే సంస్థలకి కమిషనే బతుకుదెరువు. వాళ్లు రాకపోతే ఆ వారసుడికి ఆ సొమ్ము సంగతే తెలియదు.

కానీ వీలునామా ఉండి, ఎగ్జిక్యూటర్ ఉండి, డబ్బు ఎస్టేట్ (పోయినవాళ్లు వదిలిన ఆస్తి) ఖాతాలో సిద్ధంగా ఉన్నప్పుడు కమిషన్ ఎందుకు? నేను సంప్రదించిన మొదటి సంస్థ "మీకు ఒక్క పౌను ఖర్చు ఉండదు" అని తీయగా చెప్పింది. నాకు ఉండదు, నిజమే. మేనల్లుడికి ఉంటుంది. ఇరవై వేల పౌన్ల వాటాలో నాలుగోవంతు తీసుకుంటే ఐదు వేలు పోయినట్టే, అదీ ఎప్పుడో తనదైపోయిన డబ్బులోంచి. రెండో రకం ఫిక్స్‌డ్ ఫీజు: పని ఇంత, ధర ఇంత, ఎస్టేట్ ఖర్చుల్లో చూపించుకోవచ్చు. నేను పెట్టుకున్న సంస్థ ఈ పద్ధతికి ఒప్పుకుంది. అడిగితేనే ఒప్పుకుంది, తనంతట చెప్పలేదు. కాబట్టి అడగండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఇంగ్లండ్‌లో ఈ వృత్తికి లైసెన్సు అక్కర్లేదు. సొలిసిటర్‌కి ఉన్నట్టు వీళ్లమీద చట్టబద్ధమైన నియంత్రణ సంస్థ ఏదీ లేదు. సంఘాలున్నాయి, వాటిలో సభ్యత్వం ఉందంటే కొంత నయం, అంతే. అందుకే ధర కంటే ముందు, గతంలో ఇచ్చిన రిపోర్టు ఒకటి పేర్లు చెరిపేసి చూపించమన్నాను. చూపించారు. మొదటి నక్షత్రం దానికి.

ఇక పని. వచ్చిన రిపోర్టు లావుగా ఉంది. నాలాంటి కాగితాల పిచ్చివాళ్లకి పండగే. దాన్ని చదువుతుంటే మనిషిని వెతకడమంటే ఏమిటో అర్థమైంది.

ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణ వివాహాల నమోదు 1837 జులై 1న మొదలైంది. త్రైమాసిక జనన సూచికల్లో 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి తల్లి పుట్టింటి పేరు కూడా వేశారు. 1912 నుంచి పెళ్లి సూచికలో భార్యాభర్తల్లో ఒకరి పేరు పక్కన రెండోవారి ఇంటిపేరు ఉంటుంది. ఈ రెండూ కలిస్తేనే ఈ వృత్తి నడుస్తుంది. పెళ్లి దొరికితే, ఆ రెండు ఇంటిపేర్ల జోడీతో ఆ తర్వాతి ఏళ్లలో పుట్టిన పిల్లల్ని పట్టుకోవచ్చు. ఇంటిపేర్లు అరుదైనవైతే ఒక పూట పని. అక్క పెళ్లాడిన ఇంటిపేరు మాత్రం జోన్స్, టేలర్‌ల కోవలోదే. ఆవిడ పుట్టింటి పేరూ అంతే. ఆ జోడీతో దేశమంతా పిల్లలు పుట్టారు. వాళ్లలో ఎవరు మనవాళ్లో, ఎవరు కారో, జిల్లావారీగా, సర్టిఫికెట్లు తెప్పించి ఒక్కొక్కరినీ ఎలా తీసేశారో రిపోర్టులో పట్టికగా ఉంది. తీసేసినవాళ్ల పట్టిక ఉంచినవాళ్ల పట్టిక కంటే చాలా పెద్దది. నన్ను అడిగితే మనం డబ్బిచ్చేది ఆ పెద్ద పట్టికకే. రేపు ఎవరైనా కోర్టుకెక్కితే, ఎగ్జిక్యూటర్ తగినంత వెతికించిందా అన్న ప్రశ్నకి జవాబు అదే.

జనాభా లెక్కల విషయంలో ఈ తరానికి పెద్ద గండి ఉంది. 1921 లెక్కలు 2022లో బయటపెట్టారు. 1931వి 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం, లెక్కలే తీయలేదు. 1951వి వందేళ్లు నిండేదాకా తెరవరు. మధ్యలో ఉన్నదల్లా 1939 రిజిస్టర్. 1939 సెప్టెంబరు 29న, యుద్ధం మొదలైన నెలలోనే, గుర్తింపు కార్డుల కోసం ఇంటింటికీ తిరిగి రాసుకున్నది. తర్వాత దాన్నే జాతీయ ఆరోగ్య సేవ వాడుకుంది, అందుకని పెళ్లయిన ఆడవాళ్ల పాత ఇంటిపేరు కొట్టేసి కొత్తది పైన రాస్తూ వచ్చారు. అక్క పేరు మీద అలాంటి కొట్టివేత ఉంది. అక్కడే ఆవిడ పెళ్లి పట్టుబడింది. యుద్ధకాలపు గుమాస్తాలు కార్డుల కోసం రాసుకున్నది ఇన్నేళ్లకి నా వీలునామాకి అక్కరకొచ్చింది.

నేను అస్సలు ఊహించనిది తర్వాతి పేజీలో ఉంది. అక్కకి పెళ్లికి ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. సూచికలో బిడ్డ ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు ఒకటే కనిపిస్తే, తల్లికి పెళ్లి కాలేదనడానికి అది పెద్ద ఆనవాలు. అనుమానం వచ్చి సర్టిఫికెట్ తెప్పించారు. దానిమీద ఉన్న అడ్రసు, 1939 రిజిస్టర్‌లో ఆ కుటుంబం ఉన్న అడ్రసు ఒకటే. మార్జిన్‌లో మాత్రం "దత్తత" అని రిజిస్ట్రార్ రాసిన మాట.

పెళ్లికి ముందు పుట్టడం అడ్డు కాదు. 1987 నాటి కుటుంబ చట్ట సంస్కరణ తర్వాత రాసిన వీలునామాల్లో, వేరేగా రాస్తే తప్ప, ఆ తేడా చూడరు. దత్తతకి వెళ్లడం మాత్రం అడ్డే. ఇంకొకరి ఇంటికి దత్తత వెళ్లిన బిడ్డ చట్టం దృష్టిలో ఆ ఇంటి బిడ్డ అవుతుంది, కన్నవాళ్ల వైపు వాటా ఉండదు. రిపోర్టులో రెండు వాక్యాల్లో తేల్చేశారు: ఫలానా జననం, దత్తత, లబ్ధిదారు కాదు, సంప్రదించలేదు. సంప్రదించకపోవడం సరైన పనే. వాటా లేని మనిషి తలుపు తట్టి కన్నతల్లి కబురు చెప్పడం ఎగ్జిక్యూటర్ పనీ కాదు, ఏజెంటు పనీ కాదు. పద్దెనిమిదేళ్లు నిండిన దత్తపుత్రులు తమ అసలు జనన రికార్డు తామే అడిగి తీసుకునే దారి ఇంగ్లండ్‌లో 1970ల నుంచి ఉంది. ఆవిడ తెలుసుకోవాలనుకుంటే తెలుసుకునే ఉంటుంది. అయినా ఆ పేజీ తిప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఎన్నో ఏళ్లు పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఈ సంగతి ఒక్కసారైనా అనలేదు.

మేనల్లుడి వైపు వెతుకులాట ఓడల జాబితాతో మొదలైంది. బ్రిటన్ రేవుల నుంచి బయల్దేరిన ప్రయాణికుల జాబితాలు 1890 నుంచి 1960 దాకా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రెండుమూడేళ్లు ఆలస్యంగా బయల్దేరి ఉంటే ఈ దారి మూసుకుపోయేది. పది పౌన్ల పథకం గురించి వినే ఉంటారు: యుద్ధం తర్వాత జనం కావాలని ఆస్ట్రేలియా పెద్దవాళ్లని పది పౌన్లకి, పిల్లల్ని ఉచితంగా రమ్మన్న పథకం. ఆ లెక్కన ఇరవై పౌన్లకి ముగ్గురు వెళ్లిపోయారు. జాబితాలో పిల్లవాడి పేరు, వయసు దొరికాయి.

అక్కడి నుంచి ఆగిపోయింది. ఆస్ట్రేలియాలో జనన మరణాల నమోదు దేశమంతటికీ ఒకటి కాదు, రాష్ట్రానికొకటి. ఈమధ్య జరిగిన మరణాల సర్టిఫికెట్లు అడిగినవాళ్లందరికీ ఇవ్వరు, సంబంధం చూపించాలి. దీనికి అక్కడి ఏజెంటును పెట్టాలి, అదనపు ఫీజు అన్నారు. మొదటి కొటేషన్‌లో "విదేశీ పరిశోధన అవసరమైతే" అని చిన్న అక్షరాల్లో ఉంది కానీ అంకె లేదు. అన్న ఎక్కడికి వెళ్లాడో మొదటి ఫోన్‌లోనే చెప్పాను. ఆస్ట్రేలియా అన్న మాట విన్నాక కూడా ఆ ఖర్చు అంచనా ముందే ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు. పోయిన నక్షత్రంలో సగం ఇక్కడే పోయింది.

పని మాత్రం అయింది. మేనల్లుడు చనిపోయాడు. మా పెద్దావిడ పోయిన కొన్ని వారాలకే.

ఈ కొన్ని వారాలే ఇక్కడ మొత్తం వ్యవహారాన్ని మార్చేశాయి. ఆయన ఆవిడకంటే ముందు పోయి ఉంటే వాటా ఉండేది కాదు, మిగిలిన ఇద్దరూ చెరిసగం పంచుకునేవాళ్లు. చనిపోయినవాడి వాటాను అతని పిల్లలకి ఇప్పించే నియమం 1837 నాటి వీలునామాల చట్టంలో ఉంది, కానీ అది వీలునామా రాసినవాళ్ల సొంత సంతానానికే, తోబుట్టువుల పిల్లలకి కాదు. ఇన్నాళ్లు బతికి ఉండాలన్న షరతు ఏదైనా వీలునామాలో ఉందా అని సొలిసిటర్ మళ్లీ చూశాడు, లేదు. అంటే ఆవిడ ఊపిరి ఆగిన రోజున మేనల్లుడు బతికే ఉన్నాడు, మూడో వంతు ఆయనదైపోయింది.

ఆస్ట్రేలియా మరణ సర్టిఫికెట్ ఇంగ్లండ్ వాటిలా పొడిపొడిగా ఉండదు. పెళ్లి వివరాలు, పిల్లల పేర్లు, వయసులు అందులోనే రాస్తారు. ఒక్క కాగితంతో ఒక తరం మొత్తం బయటపడింది. సంస్థవాళ్లు ఉత్సాహంగా సారాంశం పంపారు: "వాటా ఈ ముగ్గురు పిల్లలకీ సమానంగా." ఇది తప్పు. వాటా ఆయన ఎస్టేట్‌కి చెందుతుంది. ఆయన వీలునామా ఏం చెప్తే అది, దాన్ని అమలుచేసేవాళ్ల చేతికి. సొలిసిటర్ పట్టుకోబట్టి సరిపోయింది. ఆయన వీలునామా రాశాడు, అందులో మొదటి పేరు భార్యది. ఆ సారాంశం నమ్మి నేను పిల్లల ఖాతాల్లో వేసి ఉంటే? మిగిలిన అర నక్షత్రం దీనికి. మనుషుల్ని వెతకడంలో వీళ్లు దిట్టలు, కానీ లాయర్లు కారు. రిపోర్టులో ఎవరు ఎవరికి ఏమవుతారన్నది నమ్మండి, ఎవరికి ఎంత రావాలన్నది సొలిసిటర్ చేత చూపించండి.

ఉత్తరాల గురించి ఒక మాట. అక్క కూతుళ్లలో పెద్దావిడ సంస్థ పంపిన ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేసింది. మీకు వారసత్వం వచ్చింది, మాకు ఫోన్ చెయ్యండి అంటే ఈ రోజుల్లో ఎవరైనా అదే చేస్తారు. రెండో ఉత్తరంలో సొలిసిటర్ ఆఫీసు పేరు ఇచ్చి, ఆ నంబరు మీరే స్వయంగా వెతుక్కుని కనుక్కోండి అని రాశారు. బ్యాంకు వివరాలు అడగలేదు, ముందస్తు ఫీజు అడగలేదు. అప్పుడు ఆవిడ ఫోన్ చేసింది. ఇలాంటి ఉత్తరం మీకే వస్తే ఇదే కొలత: ముందు డబ్బు అడిగారంటే చించెయ్యండి. శాతం మీద సంతకం పెట్టమంటే కాస్త ఆగి, ప్రొబేట్ (వీలునామా అమలుకి కోర్టు ఇచ్చే అనుమతి) ఎవరి పేరున ఉందో రికార్డుల్లో చూసుకోండి. ఎగ్జిక్యూటర్‌కే నేరుగా రాస్తే కమిషన్ లేకుండానే పని కావచ్చు.

అంతా అయ్యాక కూడా ఒక సందు మిగిలింది. ఆస్ట్రేలియా వెళ్లకముందో, వెళ్లాకో అన్నకి ఇంకో బిడ్డ ఉండే అవకాశం లేదని ఎవరు చెప్పగలరు? తండ్రి పేరు లేకుండా నమోదైన బిడ్డను సూచికల్లో తండ్రి వైపు నుంచి పట్టుకోలేం. సంస్థ ఈ మాట దాచకుండా రాసింది, అది వాళ్ల నిజాయితీ. ఆ కిందనే బీమా ప్రతిపాదన పెట్టింది, అది వాళ్ల వ్యాపారం. తెలియని వారసుడు తర్వాత ఎవరైనా బయటపడితే కట్టే బీమా ఇది, ఒక్కసారి ప్రీమియం. తీసుకోవాల్సిందే, నేనూ తీసుకున్నాను. అయితే రిస్కు ఉందని చెప్పేవాళ్లే ఆ రిస్కుకి మందు అమ్ముతుంటే నాకు చెయ్యి వెనక్కి లాగుతుంది. అందుకని రిపోర్టు పట్టుకుని బయట ఇంకో కొటేషన్ అడిగాను. తక్కువకే వచ్చింది. బీమావాళ్లు మొదట అడిగింది ఆ తీసేసినవాళ్ల పట్టికే.

మేనల్లుడు అస్సలు దొరక్కపోయి ఉంటే? కోర్టుకి వెళ్లి బెంజమిన్ ఉత్తర్వు అడగొచ్చు. 1902 నాటి కేసు అది. తండ్రి చనిపోక ముందే మాయమైన కొడుకు తండ్రికంటే ముందే చనిపోయినట్టు అనుకుని పంచుకోండని కోర్టు అనుమతించింది. కొడుకు తిరిగొస్తే తన వాటా అడిగే హక్కు పోదు, ఎగ్జిక్యూటర్‌కి మాత్రం తలనొప్పి ఉండదు. కానీ కోర్టు ఖర్చులు చిన్న ఎస్టేట్‌ని మింగేస్తాయి, అందుకే చిన్నవాటిలో చాలామంది బీమాతోనే సరిపెడతారు. ఏ దారి పట్టినా మొదట చూపించాల్సింది వెతికిన రిపోర్టే.

ఎగ్జిక్యూటర్ ఒక ఏడాది లోపల పంచి తీరాలన్న బలవంతం చట్టంలో లేదు. 1925 నాటి ఎస్టేట్ల నిర్వహణ చట్టం ఆ గడువు ఇస్తుంది. మాది గడువు దాటింది. ఆస్ట్రేలియా ప్రొబేట్ కాగితాలు రావడమే ఆలస్యం. అక్క కూతుళ్లు విసుక్కోలేదు. చిన్నావిడ అయితే వంశవృక్షం కాపీ ఒకటి ఇస్తారా అని అడిగింది. దత్తత పేజీ ఉన్న రిపోర్టు కాబట్టి సొలిసిటర్‌ని అడిగి, ఆ భాగం తీసేసి పంపాను.

మళ్లీ అవసరమైతే ఇదే సంస్థకి వెళ్తానా? వెళ్తాను. ఈసారి మూడు విషయాలు కాగితం మీద రాయించుకుంటాను: ఫిక్స్‌డ్ ఫీజు, విదేశీ పనికి ముందే ఒక గరిష్ఠ అంకె, ఎవరూ దొరక్కపోయినా తీసేసినవాళ్ల పట్టికతో సహా పూర్తి రిపోర్టు. అన్నట్టు, పని పూర్తయిన దగ్గర్నుంచి "మీ వీలునామా రాశారా?" అని ప్రతి నెలా ఈమెయిల్ పంపుతున్నారు. ఆపమని రెండుసార్లు రాశాను. ఎంతటి మనిషినైనా వెతికి పట్టుకునేవాళ్లకి తమ జాబితాలో నా పేరు మాత్రం దొరకడం లేదట.